తెల్లటి బ్యాక్‌గ్రౌండ్

తిరుపతి కాలేజీ నుంచి ఫోను:
"మేడమ్, అంతర్జాతీయ పెట్టుబడుల మీద సదస్సు.
నిపుణుల వరుసలో మీ పేరు కూడా వేశాం.
మీ నేపథ్యం నాలుగు ముక్కల్లో రాసి పంపండి.
ఫోటో ఒకటి.
బ్యాక్‌గ్రౌండ్ మాత్రం తెల్లగా ఉండాలి."

రాయడానికి కూర్చున్నాను.
పి. హంసవేణి, విదేశీ మారక విభాగం,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, చిత్తూరు బైపాసు.
ఆ తర్వాత పెన్ను కదల్లేదు.

నాకంటే ముందు మాట్లాడేవాళ్ళ పరిచయాలు చూశాను.
ఒకాయన లండన్‌లో పదేళ్ళు బాండ్లు కొన్నాడు.
ఒకామె సింగపూర్‌లో కూర్చుని
ఏడు దేశాల నోట్లను ఏడుగురు పిల్లల్లా సాకింది.

నేను చదివింది దామలచెరువు మండీలో.
మా నాయన ధనకోటి
(కోటి పేరులోనే, జేబులో బస్సు చార్జీ)
కాయల దళారి.
తుండుగుడ్డ కింద రెండు చేతులు కలిసేవి.
చూపుడు వేలు పట్టుకుంటే వంద,
మడిచి నొక్కితే యాభై,
అరచేతిలో గీరితే ఇంక నావల్ల కాదు సామీ అని.
పైన మొగాలు వాన గురించి మాట్లాడుకునేవి,
కింద ధర పుట్టేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
ఒక్కసారి ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టనిచ్చినాడు.
చెమట. గరుకు.
ఎవరిదో వేలు వణకతా ఉండాది.
"అమ్మేవాడిదే మే, ఎప్పుడూ" అన్నాడు నాయన, ఇంటికి నడుస్తూ.
తర్వాత ఎన్ని తెరల మీద ఎన్ని గీతలు చూశానో,
ఆ వణుకు ఏ గీతలోనూ పడలేదు.

ఇంకేం రాయాలి?
డ్రమ్ముకు రెండువందల పదిహేను కిలోలు.
కాగితం మీద ఒకచోట తోతాపురికి ఇంగ్లీషులో ఒక 'ఓ' ఎక్కువ పడితే
జెడ్డా బ్యాంకు నలభై రోజులు డబ్బు ఆపేసింది.
ఒక్క సున్నా లాంటి అక్షరం,
అరవై వేల వడ్డీ.
అది రాయొచ్చా నిపుణురాలి పరిచయంలో?

యూరో జారిన ఏడాది సంగతి రాయొచ్చు.
జూన్‌లో రావాల్సిన యూరోలను మార్చిలోనే అమ్మేశాను.
హెడ్జింగ్, అంటే కంచె.
చెప్పినట్టే జారింది.
యజమాని మైసూర్‌పాక్ డబ్బా పంపించాడు.
కిటికీలోంచి చూస్తే
గేటు నుంచి ఫ్లైఓవరు దాకా ట్రాక్టర్లు,
కాయ కిలో మూడు రూపాయలు,
ఎండకు రసం కారి తారు మీద ఈగలు.

బంగారుపాళ్యం దొరసామి
రెండు రాత్రులు ట్రాలీ కిందే పడుకున్నాడు.
"లోపల నువ్వేం పని చేస్తావు పాపా?"
డబ్బుకు కంచె వేస్తానన్నాను.
బీడీ ఆర్పి కాసేపు ఆలోచించినాడు.
"మా పక్కకూ ఒక కట్టె నాటుండొచ్చు కదా."
నేను పలకలేదు.
"కంచె సంగతి మాకూ తెలుసులే," నవ్వినాడు,
"అది మేసేటప్పుడు గదా మేం చూసేది."

పోతూ పోతూ లోడులోంచి ఒక కాయ తీసి
నా చేతిలో పెట్టినాడు.
కాయ కింద ఆయన వేలు తగిలింది.
నిబ్బరంగా ఉండాది.
వణికింది నాదే.
ఆ ఏడు ఎవరు ఎవరికి అమ్మినట్టో
ఈరోజుకీ లెక్క తేలదు.

తెల్లగోడ కోసం ఫ్యాక్టరీ అంతా తిరిగాను.
బాయిలరు గది, కోల్డ్ స్టోరేజి, క్యాంటీను,
ఎక్కడ నిలబడినా
భుజం వెనకాల ఒక పసుపు మరక.
చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ గజేంద్రతో తీయించి పంపాను.

ఇందాకే మెసేజీ వచ్చింది:
"మేడమ్, వెనక బారుగా ఏవో బండ్లు పడ్డాయి.
తీసేసి తెల్లగా చెయ్యమంటారా?"

ఇంకా జవాబివ్వలేదు.